నా ఆస్తి సంగతి, బావ బండి సంగతి

టులేరీ ఊళ్లో ముప్పై ఏళ్లు బళ్ల పొగ పరీక్షల షెడ్డు నడిపి మూసేసినవాణ్ని, అజోర్స్ దీవుల్లో పుట్టి ఈ కాలిఫోర్నియా లోయలో ముసలివాణ్నయినవాణ్ని, డెబ్బై ఆరేళ్ల అడెలీనో బెటెన్‌కూర్ అనే నేను నా ఇష్టపూర్వకంగా రాసి ఇస్తున్న కడపటి వీలునామా ఇది. నా బుద్ధి స్థిరంగానే ఉంది. ఊపిరితిత్తులు బాగా లేవు గానీ, వాటికీ బుద్ధికీ సంబంధం లేదని డాక్టరు రాసిచ్చిన కాగితం జతపరిచాను. నన్ను ఎవరూ బలవంతపెట్టలేదు. ఇంతకుముందు రాసిన వీలునామా ఇకపై చెల్లదు. అందులో నన్ను నేను నిజాయితీపరుడినని రాసుకున్నాను.

1. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా కూతురు మార్లీన్‌ది. నాలుగో అంశం వచ్చేసరికి అది చదవడం ఆపెయ్యాలని చూస్తుందని తెలుసు. అయినా బంధువులందరి ముందూ పైకే చదవాలి. ఒక్క ముక్క కూడా దాటెయ్యకూడదు.

2. నేను కాపురముంటున్న ఇల్లు, అందులోని సామాను సర్వహక్కులతో మార్లీన్‌కే చెందుతాయి. మా అమ్మ రాగి బాన కూడా దానిదే. పండక్కి ఊరందరికీ గొడ్డుమాంసం పులుసు కాచేది అందులోనే. మన దీవులవాళ్ల సంఘం హాలువాళ్లు అడిగితే ఎరువివ్వాలి. తోమి తిరిగి ఇచ్చారో లేదో చూసుకోవాలి, వాళ్లు ఎప్పుడూ తోమరు.

3. నా పనిముట్లన్నీ హైస్కూల్లో మెకానిక్ పని నేర్పే తరగతికి ఇవ్వాలి. పెద్ద టార్క్ రెంచి ఒక్కటి మా పినతండ్రి కొడుకు ఎవరిస్తోకి రాస్తున్నాను. నేను రాసినా రాయకపోయినా 1991 నుంచి అది అతని దగ్గరే ఉంది.

4. ఈ అంశంలో ఎవరికీ ఇచ్చేదేమీ లేదు. చెప్పుకోవలసింది మాత్రం ఉంది.

మా అక్క దెయొలిందా నాకన్నా తొమ్మిదేళ్లు పెద్దది. అమ్మ పోయాక నన్ను పెంచింది అదే. పెళ్లయి బావ గిల్బెర్తోతో ఇక్కడికి వచ్చాక నన్నూ రప్పించుకుంది. బావ డెయిరీలో పాలు పితికే పని చేసేవాడు. వాళ్లకి 1985 నాటి గోధుమరంగు స్టేషన్ వ్యాగన్ ఒకటి ఉండేది. ప్రతి ఆదివారం చర్చిలో పూజ అయ్యాక బావ అక్కని అందులో ఎక్కించుకుని రెండు గంటలు నడిపి మొర్రో బే ఒడ్డుకి తీసుకెళ్లేవాడు. అక్క కారు దిగేది కాదు. తలుపు తీసి పెట్టుకుని, ఉప్పునీళ్లలో నానిన లూపిన్ గింజలు ఒలుచుకు తింటూ, సాయంత్రం దాకా సముద్రం చూసేది. ఈ లోయలో దుమ్ము తప్ప ఏమీ కనపడదని, వారానికోసారి నీళ్లు చూడకపోతే తనకి ఊపిరాడదని అనేది.

2009 మే నెల పండగలో, హాల్లో బల్లల చుట్టూ అందరం కూర్చుని ఉండగా బావ నన్ను చూపించి ఇలా అన్నాడు. "మా బామ్మర్ది అదృష్టవంతుడు. మేము ఆవుల వెనక నిలబడి బతుకుతున్నాం, వాడు కార్ల వెనక నిలబడి బతుకుతున్నాడు. వాసన ఒకటే, వాడికి చొక్కా మాత్రం మాయదు." హాలంతా నవ్వింది. నా భార్య ఇల్దా కళ్లనీళ్లు వచ్చేలా నవ్వింది. అది ఎకసెక్కమే, అందులో విషం లేదు. ఆ సంగతి నాకు అప్పుడే తెలుసు. అయినా ఇంటికొచ్చాక రెండు వారాలు ఇల్దాతో మాట్లాడలేదు.

జూలైలో బావ బండికి పరీక్ష గడువు వచ్చింది. అది నెగ్గకపోతే బండి రోడ్డెక్కకూడదు. పాత బళ్లకి పొగ ఒక్కటే చూస్తే చాలదు, ట్యాంకులోంచి పెట్రోలు ఆవిరి బయటికి కారుతోందేమో కూడా చూడాలి. ట్యాంకు నుంచి ఆ ఆవిరిని పీల్చుకునే బొగ్గు డబ్బాకి వెళ్లే గొట్టాన్ని క్లాంపుతో బిగించి మూసి, పెట్రోలు పోసే మూతి దగ్గర నుంచి కొద్దిగా నైట్రోజన్ ఎక్కించి, రెండు నిమిషాలు ఒత్తిడి నిలుస్తుందో లేదో చూడాలి. బావ బండి పొగలో నెగ్గింది. ఆవిరి పరీక్షలో నేను క్లాంపుని సగమే బిగించాను. తెరమీద అంకె పడిపోతూ ఉంటే చూస్తూ నిలబడ్డాను. కాగితం చేతికిచ్చి, ఎక్కడో కారుతోంది బావా, అన్నాను. ఆ రెండు నిమిషాలూ నాకు సంతోషంగానే ఉంది. ఇది రాయడానికే నాకు పదేళ్లు పట్టింది.

ఒక వారం తిప్పి పాస్ చేసేద్దామనుకున్నాను. కానీ బావ ఆ కాగితాన్ని నమ్మాడు. పెరట్లో బండి కింద పడుకుని ట్యాంకు దింపాడు. గొట్టాలన్నీ మార్చాడు, మూత మార్చాడు, పారేసిన బళ్ల యార్డులన్నీ తిరిగి బొగ్గు డబ్బా ఒకటి వెతికి తెచ్చి వేశాడు. లేని చిల్లు కోసం ఆగస్టంతా వెతికాడు. విసేలియాలో ఇంకో చోట చూపించుకోమని డెయిరీలో వాళ్లు చెబితే, బామ్మర్ది ఉండగా పరాయివాడి దగ్గరికెళ్తే వాడికి చిన్నతనం అన్నాడట.

సెప్టెంబరులో మళ్లీ తెచ్చాడు. అప్పుడు పాస్ చేస్తే, అంతా కొత్తది వేశాడు కాబట్టి నెగ్గిందని అందరూ అనుకునేవాళ్లు, నా తప్పు అక్కడితో సమసిపోయేది. బావ షెడ్డు బయట నిలబడి ఎవరితోనో, ఈసారి వాడు కూడా ఏమీ అనలేడు అని చెబుతున్నాడు. ఆ మాట చెవిన పడింది. క్లాంపు మళ్లీ సగమే బిగించాను.

అక్టోబరులో బావ ఆ బండిని తుక్కు చేసేవాళ్లకి అప్పగించేశాడు. ఇంకోటి కొనే స్తోమత అతనికి లేదు. అక్క నన్నొకసారి అడిగింది. "ఒక్క ఆదివారం తీసుకెళ్లరా తమ్ముడూ, మీ బావని మొహమాటపెట్టలేను." పని ఉందన్నాను. పనేమీ లేదు. రెండు గంటలు దాని పక్కన కూర్చోవలసి వస్తుందని భయం. అది ఇంకెవరినీ అడగలేదు. ఫిబ్రవరిలో గుండె ఆగి పోయింది. ఏడు నెలలు సముద్రం చూడకుండా పోయింది.

సమాధి దగ్గర బావ నా భుజం పట్టుకుని అందరికీ చెప్పాడు: "మా అడెలీనో సొంత అక్క బండినే వదిలిపెట్టలేదు. చట్టమంటే చట్టమే." ఆ మాట ఊరంతా పాకింది. ఆ తర్వాతే నా షెడ్డు ముందు బళ్లు బారులు తీరాయి. ఇల్దా కూడా ఆ మాట నమ్మే పోయింది.

5. నా ముందుగదిలో వేలాడుతున్న ఇత్తడి పలక మన హాలువాళ్లు 2012లో ఇచ్చింది. నా నిజాయితీ గురించి దానిమీద ఏమి రాసుందో అందరికీ తెలుసు. మేకు పీకి, అక్షరాలు అరగదీసి, లోహం హాలుకే తిరిగి ఇవ్వాలి.

6. నా పికప్ బండి హాలుకి చెందుతుంది. ఆదివారంనాడు ఏ ముసలావిడైనా సముద్రం చూడాలంటే ఎవరో ఒకరు తీసుకెళ్లాలి. ఎందుకని అడగకూడదు. తొందరగా వెనక్కి తేకూడదు. బండిమీద నా పేరు ఉండకూడదు.

7. నన్ను ఇల్దా పక్కన పూడ్చాలి. అక్క పక్కన ఖాళీ జాగా ఉందని ఎవరైనా అంటే, అది బావదని చెప్పాలి.

8. బావ గిల్బెర్తో ఆవిలాకి ఈ వీలునామాలో ఏమీ రాయలేదు. కారణం ఇది.

ఇదంతా చచ్చాక చదివించడం పిరికితనమని గత నెలలో తోచింది. బావని కాఫీకి పిలిచి, క్లాంపు సంగతి చెప్పాను. ఎనభై అయిదేళ్ల మనిషి. కప్పు పక్కకి జరిపి ఒక్కటే అడిగాడు. "రెండోసారి కూడానా?"

కూడా, అన్నాను.

లేచి, తన కప్పు తనే కడిగి బోర్లించి, వెళ్లిపోయాడు. మూడు వారాలు రాలేదు, ఫోనూ ఎత్తలేదు. నా ఇంటి వెనకున్న నిమ్మతోట అంతా అతని పేరున రాసి, సంతకాలకి ఇవాళ మనుషుల్ని పిలిచాను. పిలవకుండానే బావ వచ్చాడు. మార్లీన్‌ చేత మొదటినుంచీ చదివించుకున్నాడు. నిమ్మతోట దగ్గరకొచ్చేసరికి చెయ్యెత్తి ఆపాడు.

"అది కొట్టెయ్. ఆస్తి తీసుకునేవాడు సాక్షి సంతకం పెట్టకూడదట, కనుక్కునే వచ్చాను. నాకు తోట వద్దు. ఇది నీ నోటితో నువ్వు ఒప్పుకున్నావని చెప్పడానికి దెయొలిందా తరఫున ఒక మనిషుండాలి."

నన్ను క్షమించాడా అని నేను అడగలేదు. ఎవరూ అడగకూడదు. నిమ్మతోట మార్లీన్‌కి చెందుతుంది.

పై అంశాలన్నీ నేను చెప్పగా రాసినవే. కొట్టివేతలు నాకు తెలిసి చేసినవే. చదివించుకుని, సరిగ్గా ఉన్నాయని ఒప్పుకుని, ఇద్దరు సాక్షుల ఎదుట సంతకం చేస్తున్నాను.

టులేరీ, 2019 అక్టోబరు 14, సోమవారం

(సంతకం) అడెలీనో బెటెన్‌కూర్

సాక్షులు:

రోసాలీనా మెందోన్సా, పక్కింటి నివాసి

గిల్బెర్తో ఆవిలా, దెయొలిందా భర్త