అందరికీ తెలిసిన తాళం

చిరంజీవి తమ్ముడికి,

అక్క ఆశీస్సులు. ఇక్కడ నేనూ నాన్నా బాగానే ఉన్నాం. ఈ వాక్యం రాసి, కలం పక్కన పెట్టి, కాసేపు దాన్నే చూస్తూ కూచున్నాను. కొట్టేద్దామా అనిపించింది. కానీ వేళకి తింటున్నాం, నిద్రపోతున్నాం, నాన్నకి ఊపిరితిత్తుల్లో నెమ్ము తగ్గింది. కాబట్టి ఉండనిచ్చాను. మీ ఓడ ఆగే రేవుకి ఉత్తరం చేరడానికి మూడు వారాలు పడుతుందన్నావు. అప్పటికి కూడా ఈ మాట నిజంగానే ఉండాలి.

పోయిన ఉత్తరంలో మూడు ప్రశ్నలు వేశావు. ఇంజను గదిలో పనిచేసేవాడివి కనక మొదటిది నీకు తగ్గట్టే ఉంది: "డబ్బు పుచ్చుకోకుండా ఇచ్చే ఆ లినక్స్ ఏంటక్కా? ఎవరిది? పాడైతే ఎవర్ని పట్టుకోవాలి?"

నాకు అర్థమైనంత చెబుతాను. అర్థమైంది తక్కువేనని ముందే ఒప్పుకుంటున్నాను. కంప్యూటర్‌ని నిద్రలేపి, తెర మీదకి అక్షరాలు తెచ్చి, మనం రాసింది దాచిపెట్టే ఏర్పాటు ఒకటి లోపల ఉంటుంది. అదే ఆపరేటింగ్ సిస్టమ్. మనం ఇన్నాళ్ళూ వాడింది ఒక కంపెనీ సొత్తు, లోపల ఏముందో చూడనివ్వరు. సీలు వేసిన ఇంజను అనుకో. లినక్స్‌కి సీలు లేదు. ఏ బోల్టు ఎక్కడుందో ఎవరైనా చూడొచ్చు, విప్పొచ్చు, బాగుచేసి పదిమందికీ పంచొచ్చు. ఎక్కడెక్కడి వాళ్ళో కలిసి రాశారు, కొందరు జీతానికి, కొందరు ఊరికే. డబ్బు లేకపోవడం కన్నా ఆ విప్పి చూసే హక్కే ముఖ్యమట. ఎవరిదీ అంటే అందరిదీ. పాడైతే ఎవర్ని పట్టుకోవాలీ అంటే... దానికి కాస్త ఆగు.

మన పాత ల్యాప్‌టాప్‌కి కంపెనీ మార్పులు పంపడం మానేసిందని రాశాను కదా. వీధి చివర రిపేరు షాపాయన దాన్ని అటూ ఇటూ తిప్పి, "మేడమ్, దీనికి రోగం లేదు. వయసైపోయిందంతే. లినక్స్ వేసుకోండి, ఇంకో ఐదేళ్ళు పరిగెడుతుంది" అన్నాడు. ఏ లినక్స్ అని అడిగాక తెలిసింది, వందల రకాలున్నాయని. నా సంగతి తెలుసుగా. లైబ్రరీలో ఒక పుస్తకాన్ని ఏ అరలో పెట్టాలో తేల్చుకోలేక మధ్యాహ్నం భోజనం మానేసిన మనిషిని. తొమ్మిది రోజులు చదివాను, పోల్చాను, పట్టికలు గీశాను. నాన్న చూసి చూసి, "పెళ్ళికొడుకుని కూడా ఇంతసేపు చూడలేదు కదే నువ్వు!" అన్నాడు.

"అందుకే నాన్నా, ఈసారి చూస్తున్నా" అన్నాను. ఇద్దరం కళ్ళలో నీళ్ళు వచ్చేలా నవ్వాం.

అప్పటికి డాక్టరు చెప్పి నెల. నాన్న బుర్రలోంచి సంగతులు ఒక్కొక్కటే జారిపోతాయని, గుర్తున్నవి రాసిపెట్టుకోమని. అందుకే కదా ఆ ల్యాప్‌టాప్ ఆయన బల్ల మీదకి వెళ్ళింది, కుట్టుమిషను పక్కకి. జీవితమంతా సూది పట్టిన వేలితో ఒక్కో అక్షరం పొడుస్తూ అమ్మ గురించి రాయడం మొదలుపెట్టాడు. "నేను పోయేలోగా పొట్టోడికి వాళ్ళమ్మని చూపించాలే" అనేవాడు. ఆరడుగులు పెరిగినా నువ్వు ఆయనకి పొట్టోడివే. అమ్మ పోయినప్పుడు నీకు మూడేళ్ళు. నీ దగ్గరున్నది ఒక్క ఫొటో. నన్ను చెప్పమంటావు కానీ, పదమూడేళ్ళ పిల్లకి కనిపించిన అమ్మే నాకు తెలుసు. కోటు కుట్టించుకోవడానికి నాన్న కొట్లోకి వచ్చి, కుట్టు వంకరగా ఉందని దర్జీతో పోట్లాడిన అమ్మాయి ఆయనకే తెలుసు. పద్నాలుగు నెలలు రోజూ రాశాడు. నన్ను చూడనివ్వలేదు. "అయ్యాక చూద్దువుగాని, అతుకులేసిన గుడ్డ చూస్తారా ఎవరైనా?" అనేవాడు.

నీ రెండో ప్రశ్న, నాన్నకి మతి ఎలా ఉందని. నెమ్ముతో ఆసుపత్రిలో మూడు వారాలున్నాక బాగా దెబ్బతింది. గిన్నెల గూడు తలుపు తీసి, ఎందుకు తీశాడో తెలీక, మెల్లగా మళ్ళీ మూస్తాడు.

మూడోది, అమ్మ కథ ఎంతవరకు వచ్చింది, అయినంతవరకూ ప్రింటు తీసి పంపమని. ఇన్నిసార్లు చుట్టూ తిరిగింది దీని దగ్గరికి రాలేకే.

పంపలేను తమ్ముడూ. అది తెరుచుకోవడం లేదు.

లినక్స్ ఎక్కించే రోజు ఒక చోట చిన్న గడి వచ్చింది, డిస్కు మొత్తానికీ తాళం వెయ్యాలా అని. కింద స్పష్టంగా రాసుంది: ఈ పాస్‌వర్డ్ మర్చిపోతే మీ ఫైళ్ళు మళ్ళీ ఎవరూ తెరవలేరు అని. చదివాను. ప్రతిదానికీ పదిసార్లు ఆలోచించే నేను అక్కడ ఒక్కసారి కూడా ఆలోచించలేదు. అంత పెద్ద పని సొంతంగా చేస్తున్నానన్న సంబరంలో టిక్కు పెట్టేశాను. మతి జారిపోతోందని డాక్టరు చెప్పిన మనిషిని పిలిచి, "నీకిష్టమైన మాట పెట్టుకో నాన్నా" అన్నాను. ఆయన కొడుతుంటే మర్యాదగా మొహం తిప్పుకున్నాను. తరవాత అడిగితే, "అది నాకూ మీ అమ్మకీ మధ్య" అని ముసిముసిగా నవ్వాడు. రోజూ కొట్టేవాడు కాబట్టి వేళ్ళకి గుర్తుండేది. ఆసుపత్రి నుంచి వచ్చాక వేళ్ళు కూడా మర్చిపోయాయి.

ఇంకోటి. ఏడాది కిందట నువ్వు, రాసినవాటికి పెన్‌డ్రైవ్‌లో నకలు తియ్యమన్నావు. తీశానని రాశాను. తియ్యలేదు. ఆయన్ని రాస్తున్న పని మధ్యలో లేపడం ఇష్టం లేక రేపు రేపు అనుకుని, నీకు మాత్రం అయిపోయిందని రాశాను.

ఎవర్ని పట్టుకోవాలీ అన్నావు కదా. పట్టుకోవడానికి ఎవరూ లేరు, కానీ అడిగితే చాలామంది పలికారు. మొహం తెలియనివాళ్ళు ఇంటర్నెట్‌లో పేజీలకి పేజీలు జవాబులు రాశారు. ఒకరు, అనుమానమున్న మాటలన్నీ ఇస్తే కలిపి కలిపి ప్రయత్నించే చిన్న ప్రోగ్రాం రాసి పంపారు. రిపేరు షాపాయన తన కంప్యూటర్ మీద పదకొండు రోజులు దాన్ని తిప్పాడు. "లోపలిదంతా తెరిచే ఉంటుందన్నారు కదండీ?" అని అడిగాను, దెబ్బలాడుతున్నట్టే. "తాళం ఎలా చేశారో లోకమంతా చూడొచ్చు మేడమ్. అందరూ చూసి మరీ గట్టిగా చేశారు. తాళంచెవి మాత్రం మీ నాన్నగారి దగ్గరే ఉంది" అన్నాడు. పైసా పుచ్చుకోలేదు. కసురుకున్నా బాగుండేది.

రోజూ పొద్దున కాఫీ అయ్యాక నాన్న ఆ పెట్టె ముందు కూచుంటాడు. నిన్నటి ఓటమి ఆయనకి గుర్తుండదు, అందుకని రోజూ కొత్త ఉత్సాహమే. మొదట్లో ఒక్కో మాటకీ ఒక కారణం చెప్పేవాడు. అమ్మ కోటు రంగు, ఆమె తిట్టిన మొదటి తిట్టు, బొత్తాల లెక్క. అవన్నీ రాసుకున్నాను, ఈ కవరులోనే పెట్టాను. పూటకి పదీ పన్నెండూ వచ్చేవి, ఇప్పుడు రెండో మూడో.

నిన్న వేళ్ళు కీబోర్డు మీద పెట్టి ఆగిపోయాడు. "మీ అమ్మ భుజం ఎంతే?" అన్నాడు. ఆయన కొలత మర్చిపోవడం నేనెప్పుడూ చూడలేదు.

"నాకెలా తెలుస్తుంది నాన్నా?"

లేచి టేపు తెచ్చాడు. నన్ను నిలబెట్టి, వెనక నుంచి భుజం ఈ చివర నుంచి ఆ చివరకి కొలిచాడు. టేపు పట్టడం మాత్రం వేళ్ళు మర్చిపోలేదు. "పదిహేను. నీది మీ అమ్మ పోలికే" అని వెళ్ళి అది కొట్టాడు. పెట్టె తప్పంది. మళ్ళీ అడిగింది.

"ఎవరేశారే ఈ తాళం?"

"నేనే నాన్నా."

"పోన్లే. కావాలని చేశావా ఏంటి? రేపు చూద్దాం."

రోజూ ఇలాగే అడుగుతాడు, రోజూ ఇలాగే పోన్లే అంటాడు. మర్నాటికి అన్నట్టు గుర్తుండదు, నేను మళ్ళీ మొదటి నుంచి చెప్పుకోవాలి. గుర్తుంచుకునేవాడివి నువ్వొక్కడివే. తొందరపడి పోన్లే అని రాయకు. కోపం వస్తే కోపమే రాయి. ఏదో ఒకటి రాయి.

ఇట్లు,
చదివి కూడా టిక్కు పెట్టిన
నీ అక్క