గేట్ బజారు నుంచి బడిదాకా

బరంపురం,
శుక్రవారం.

అక్కయ్యకు రత్నం నమస్కారాలు. నేను ఒంట్లో కులాసాగానే ఉన్నాను, మనసులోనే కాస్త చిరాకుగా ఉంది. అమ్మ మోకాళ్ళ నొప్పులు ఎలా ఉన్నాయి, బావగారి దగ్గు తగ్గిందా, పిల్లలు అన్నం సరిగా తింటున్నారా, అన్నీ విడివిడిగా రాయి. పోయినసారి "అందరూ బాగున్నారు" అని ఒక్క ముక్కతో సరిపెట్టావు. నాకది చాలదు.

మన ఊరి ఆడపిల్లల బడిలో ఖాళీ వచ్చిందనీ, బావగారు మాట్లాడి ఉంచారనీ, నెలాఖరులోగా సరేనో కాదో చెప్పమనీ రాశావు కదా. అది చదివిన రోజే ట్రంకుపెట్టె దులిపి పెట్టుకున్నాను. ఏడాది దాటింది, ఇంక ఇక్కడ నావల్ల కాదు అనుకున్నాను. ఆ తర్వాత ఏం జరిగిందో రాస్తాను. చదివాక తిట్టాలనిపిస్తే తిట్టు.

ఇక్కడ వాన పట్టుకుంటే వదలదు. ఉతికిన చీర మూడు రోజులు దండెం మీదే ఉంటుంది, ఆరాక కూడా ముక్కిపోయిన వాసనే. పక్కింటి ఒడియా ఆవిడ ప్రతి కూరలోనూ ఆవ పెడుతుంది. పాపం ప్రేమగా ఇస్తుంది, నేనూ కళ్ళనీళ్ళు తుడుచుకుంటూ తింటాను. తిండికి లోటు లేదు, అమ్మకు ఆ మాట గట్టిగా చదివి వినిపించు. కుంకుడుకాయలు మాత్రం పంపు. ఇక్కడ నాకు దొరికేవన్నీ పుచ్చులే.

మా పెద్ద పంతులమ్మ కామేశ్వరమ్మ గారి గురించి నీకు చెప్పాను కదా. ఈ ఊరి ఆవిడే. పదమూడో ఏట భర్త పోతే, మేనమామ పుస్తకాలు పొయ్యిలో పెడితే, గొడ్లసావిట్లో దాక్కుని చదువుకుని ఇంతటిదైంది. గొప్ప మనిషే, కాదనను. కానీ ఆ కథ నేను వారానికి రెండుసార్లు వింటున్నాను. విన్నప్పుడల్లా ఆ మేనమామ ఇంకో పుస్తకం ఎక్కువ కాలుస్తాడు.

ఐదో తరగతి కాగానే తల్లులు పిల్లల్ని మాన్పించేస్తున్నారని ఆవిడకు బెంగ. పైకొచ్చిన ఆడవాళ్ళు తమ బతుకు తామే చెబితే తల్లుల మనసు మారుతుందని, రెండు వారాల కిందట ఆదివారం మధ్యాహ్నం బడిలో సభ పెట్టింది. బెంచీలు సర్దడం, ఇల్లిల్లూ తిరిగి పిలవడం, తాంబూలాలు కట్టడం అన్నీ నా నెత్తినే. తల్లులు ముసుగు జట్కాల్లో బాగానే వచ్చారు.

ముందు పెద్ద పంతులమ్మ తన కథ చెప్పింది. తర్వాత దిగపహండి వైపు పల్లెల్లో పురుళ్ళు పోసే లేడీ డాక్టరు గారు లేచింది. మద్రాసులో ఒంటిపూట తిని చదివిందట. మొదటి రోజు శవాన్ని కోయమంటే కళ్ళు తిరిగి పడిపోయిందట. ఇంటికెళితే సొంత అత్తే తన చేతి మంచినీళ్ళు తాగలేదట. ఇద్దరూ తాము ఎన్ని కష్టాలు దాటామో చెప్పుకుని మురిసిపోతున్నారు. ఎదురుగా తల్లుల ముఖాలు పాలిపోతున్నాయి. నేను పక్కనుంచి సైగలు చేస్తూనే ఉన్నాను, ఎవరు చూస్తారు?

సభ అయ్యాక తాంబూలం తీసుకుంటూ గౌరమ్మ గారు నాతో, "ఇన్ని బాదలు పడ్డానికి మా పిల్ల ఏటి పాపం సేసింది పంతులమ్మగోరూ" అంది. గేట్ బజారులో బట్టల కొట్టు వాళ్ళావిడ. వాళ్ళ కనకం నేను చెప్పే ఆరో క్లాసులో అందరికంటే చురుకైన పిల్ల. మర్నాటి నుంచి కనకం రాలేదు. ఇంకో ఇద్దరూ రాలేదు.

ఇంత చేసి పెద్ద పంతులమ్మ ఎవరిమీద విరుచుకుపడిందనుకున్నావు? "ఆఖర్న లేచి నువ్వు నాలుగు మంచి ముక్కలు సెప్పుంటే ఇంతదాకా వొచ్చేదా రత్నం? ఎల్లి ఆ పిల్లని తీసుకురా" అంది. వానలో, బురదలో, తిట్టుకుంటూ వెళ్ళాను.

కొట్టు వెనక వసారాలో బట్టల మూటల మధ్య కూచోబెట్టింది గౌరమ్మ గారు. చదువు మాట ఎత్తనివ్వలేదు. "ఒక్కరే ఉంతారా? ఎవులు వొండుతారు? జొరమొస్తే ఎవులు సూస్తారు?" అని ఒకటే ప్రశ్నలు. నాకు విసుగొచ్చి ఉన్నదున్నట్టు చెప్పేశాను. అన్నం వారానికి రెండుసార్లు మాడుస్తాను. జ్వరమొస్తే పెద్ద పంతులమ్మ రెండు రోజులు పక్కనే కూచుని జావ తాగించింది, మేనమామ కథ మళ్ళీ చెప్పింది. ఒక్కోసారి ఏమీ తోచదు. మొదటి జీతంతో చిలకాకుపచ్చ చీర కొనుక్కున్నాను. అదే ఇది.

ఆవిడ నా కొంగు పట్టుకుని నేత చూసింది. "రంగు ఎవుల్నడిగేరు?" అంది.

"ఎవరినీ అడగలేదు. నాకు నచ్చింది."

ఆవిడ లోపలికి వినపడకుండా, "కొట్టు నిండా సీరలే గదా. నాకు మాత్రం మొన్నటిదాకా మా అత్తగోరు తీసిచ్చేరు, ఇప్పుడు ఆయన తీసిస్తారు. నాకు పచ్చంటే ఇష్టమని ఎవులికీ తెలీదు" అంది.

లేచి వస్తుంటే ఆవిడే అంది, "పిల్లని పంపుతాను. ఆయనకి నేను సెప్పుకుంతాను. గాని మీరే వొచ్చి తీసుకెల్లాలి, మీరే దింపాలి. మీరు రాని రోజు అదీ రాదు. ఇంకెవుల్నీ నమ్మను."

అదీ సంగతి. రోజూ పొద్దున్నే గేట్ బజారు వెళ్ళి కనకాన్ని తీసుకొస్తున్నాను, సాయంత్రం దింపి వస్తున్నాను. కాళ్ళు పీకుతున్నాయి. మిగతా ఇద్దరి తల్లులూ కనకాన్ని చూసి మెత్తబడుతున్నారు. పెద్ద పంతులమ్మ పొంగిపోయి, వచ్చే సభలో మూడో ఉపన్యాసం నీదే అంటోంది. చెప్పుకోవడానికి నాకు కష్టాలు చాలవన్నాను. ఇక్కడే ఉండు, అవే వస్తాయి అంది. ఆవిడతో వేగడం ఎలాగో నాకు తెలియడం లేదు.

నిన్న సాయంత్రం దారిలో కనకం, "మీరు మీ ఊరెల్లిపోతన్నారంట గదా" అంది. పెద్ద పంతులమ్మ నోట్లో ఏ మాటా దాగదు. నేను బురద చూసుకుని నడవమన్నాను. కొట్టు దగ్గరికొచ్చాక నా చెయ్యి వదిలి, "ఎనిమిదో క్లాసు అయిందాకా ఉండండి. అప్పటికి నేను పెద్దదాన్నయిపోతాను. రైలుకాడికి నేనే తీసుకెల్లి దింపుతాను" అని లోపలికి వెళ్ళిపోయింది.

అక్కయ్యా, ఆ ఉద్యోగం ఇంకెవరికైనా ఇప్పించమని బావగారితో చెప్పు. ఆయన పడ్డ శ్రమంతా వృథా చేశానని నాకు సిగ్గుగా ఉంది. నాకు రావాలనే ఉంది. నీ వంటింట్లో కూచుని నీతో దెబ్బలాడాలని ఉంది. ఇది రాస్తుంటే ఏడుపొస్తోంది, ఈ ముక్క అమ్మకు చదవకు. నేను రైలెక్కిన మర్నాడు ఆ పిల్ల గుమ్మంలో నిలబడి చూస్తుంది. ఎంత సేపు చూసినా ఎవరూ రారు. అందుకని నేను రాను.

బావగారికి నమస్కారాలు, పిల్లలకు ముద్దులు. అమ్మ పాదాలకు నా దణ్ణం పెట్టి, ఈ మూడేళ్ళకూ సరిపడా ఓపిక కలగాలని దీవించమను.

నీ చెల్లెలు,
రత్నం