నా కొడుకు చుక్క

మంగళవారం, రాత్రి

మనవరాలు శ్రావణి కాలేజీ పనికని మా వాడకట్టులో బొగ్గుబాయికి పోయినవాళ్లందరి చేతా ఒక గొట్టంలోకి ఊదించింది. కాగితం మీద మనిషికో చుక్క పెట్టింది. బాయిలో ఎక్కువ ఏండ్లు చేసినవాడి చుక్క కుడికి జరుగుతుంది, ఊపిరి బాగున్నవాడిది పైకి పోతుంది.

"అందరికన్న ఎక్కువ ఏండ్లు నేనే చేసిన. నా చుక్క మీదనే ఉంటది సూడు," అన్నాను.

కుడి చివరన, అన్నిటికన్నా కింద ఉంది నాది. చుక్కలన్నీ అటే వాలుతున్నాయి.

"బీడీలు తాగినోళ్లయే గవన్ని," అని దబాయించాను.

"నువ్వు బీడీ ముట్టలే గద తాతా! ఏండ్లు పెరిగినకొద్ది ఊపిరి తగ్గుతుందనే గిది చూపెడ్తది. ఎందుకన్నది చెప్పదు. ముసలితనం సుత కావచ్చు."

నన్ను ఊరడించడానికే అందేమో.

"ఎడమదిక్కు గా పైనున్నదెవనిది?"

"బాపుది."

నా కొడుకుది. డాక్టర్లు నన్ను బాయి పనికి అన్‌ఫిట్ అని రాస్తే నా నౌకరీ వాడికి వచ్చింది. ఆ రోజు వాడకట్టంతా మిఠాయి పంచాను.

వాడిప్పుడు రాత్రి షిఫ్టుకు పోయాడు. వాడి చుక్క నుంచి నా చుక్క దాకా వేలితో గీసి చూశాను. మధ్యలో ఎక్కడా ఖాళీ లేదు. అందరూ మా వాడకట్టువాళ్లే.