పూరేకలకు మార్కులు

వాషర్‌మెన్‌పేట, మద్రాసు
4-2-1955

ఎన్నూరు రోడ్డు పింగాణీ ఖార్ఖానా యజమాని వెంకటకృష్ణ గారికి రంగనాథం నమస్కారాలు.

తమరు క్షేమమని తలుస్తాను. నేను క్షేమంగా లేను. కారణం తమ కప్పులు.

ముప్పై రెండేళ్లు హైస్కూల్లో డ్రాయింగు మాస్టరుగా పనిచేసి కిందటి నెల రిటైరయ్యాను. అప్పట్నుంచి ఇంట్లో ఒకచోట కాలు నిలవడం లేదు. ఆ అవస్థలో, మా ఆవిడ చూడామణి మీ దగ్గర కొన్న ఎనిమిది పూల కప్పులూ వరసగా పెట్టి చూశాను. ఒకదాని మీద పువ్వుకు అయిదు రేకులు. ఒకదానికి ఏడు. మూడోదానికి ఆరున్నర! ఆ అర రేకు కప్పు పిడి వెనక్కి పోయి దాక్కుంది. ఒక సెట్టు అన్నాక పువ్వులన్నీ ఒకేలా ఉండవద్దా? వెంటనే మార్చి పంపగలరు.

చిత్తగించవలెను,
రంగనాథం

తా.క. సాసర్ల సంగతి ఇంకా మొదలుపెట్టలేదు.


ఎన్నూరు రోడ్డు
9-2-1955

గౌరవనీయులైన మాస్టారు గారికి వెంకటకృష్ణ నమస్కరించి వ్రాసే సంగతులు.

మా ఖార్ఖానాలో పూలు వేసేది కాళియమ్మ ఒక్కతే. పద్దెనిమిదేళ్లుగా వేస్తోంది. ముందుగా గీత గీసుకోవడం ఉండదు, కుంచె ముంచి పెట్టేయడమే. మీ ఉత్తరం ఆమెకు చదివి వినిపించాను. “ఏ చెట్టులోనన్నా రెండు పూలు ఒకే మాదిరి పూసుండాయా సామీ? ఉంటే వాటిని కోసుకోని ఆ అయ్యను రమ్మను, చూసి వేస్తా” అంది. చదువుకోనిది, మన్నించండి. ఇంకో ఎనిమిది కప్పులు పంపుతున్నాను. వీటి మీద తమ అభిప్రాయం తెలిపితే మాకు మేలు చేసినవారవుతారు.

ఇట్లు విధేయుడు,
వెంకటకృష్ణ

తా.క. అర రేకు పొరపాటు కాదట. గాలికి అటు తిరిగిందట.


వాషర్‌మెన్‌పేట
15-2-1955

వెంకటకృష్ణ గారికి రంగనాథం ఆశీస్సులు.

అభిప్రాయం అడిగారు. రిటైరయ్యాక ఇంతవరకు నన్ను ఎవరూ ఏదీ అడగలేదు, చాలా సంతోషం. రెండు రాత్రులూ ఒక పగలూ కూర్చుని దిద్దాను. కాడలు: 38. ఆకులు: 41. రేకులు: 22. మొత్తం మీద కాళియమ్మ ఫెయిల్. తప్పులన్నీ ఎర్ర సిరాతో కప్పుల మీదే గుర్తుపెట్టి, పాతవీ కొత్తవీ అన్నీ తిప్పి పంపుతున్నాను. ఆమె చూసేదాకా ఎవరూ కడగవద్దు.

ఇట్లు,
రంగనాథం

తా.క. శుభ్రతకు అయిదు మార్కులు రేకుల్లో కలిపి చూశాను. అయినా గట్టెక్కలేదు.

(కింద మరొకరి చేతిరాత)

అయ్యా, ఈ ఉత్తరం పోస్టు చేయమని నా చేతికిచ్చారు కనుక రాస్తున్నాను. దీన్ని పట్టించుకోవద్దు. పాపం, ఆయనకు ఇంట్లో దిద్దడానికి ఏమీ దొరకడం లేదు. నిన్న నా ముగ్గుకు నలభై మార్కులు వేశారు. — చూడామణి


ఎన్నూరు రోడ్డు
20-2-1955

మాస్టారు గారికి వెంకటకృష్ణ వందనాలు.

మీ ఫలితాలు చూసి ఖార్ఖానా అంతా గడగడలాడింది. ఇన్నాళ్లూ జనానికి ఇలాంటి సరుకా అమ్మాను అని నాకు నిద్ర పట్టలేదు. వెంటనే తగరపు రేకు కత్తిరించి పువ్వు అచ్చు చేయించాను. కప్పు మీద పెట్టి రంగు పూస్తే ఎన్నయినా ఒకే పువ్వు, అయిదే రేకులు. సౌకార్‌పేట షాపులవాళ్లు అప్పుడే గంపలు గంపలు పట్టుకుపోతున్నారు. మీ ఎనిమిదీ పంపుతున్నాను.

ఫెయిలయింది కనుక కాళియమ్మను పనిలోంచి తీసేశాను. కుంచె కొంగుకు తుడుచుకుని వెళ్లిపోయింది.

ఇట్లు విధేయుడు,
వెంకటకృష్ణ

తా.క. అమ్మగారు రాసింది కాగితం మడతలో పడి ఆలస్యంగా చూశాను. ముగ్గుకు నలభై మరీ తక్కువని నా మనవి.


వాషర్‌మెన్‌పేట
14-3-1955

వెంకటకృష్ణా!

నమస్కారాలు తరువాత. ఫెయిలయిన పిల్లను బడిలోంచి తరిమేస్తారటయ్యా? అదే క్లాసులో ఇంకో ఏడాది కూర్చోబెడతారు! ఆమె అన్నం నా ఎర్ర సిరాతో పోయిందంటే నాకు ముద్ద దిగడం లేదు.

మీ అచ్చు కప్పులు ఇల్లు గుల్ల చేశాయి. ఇదివరకు ఏడు రేకులది నాది, మొగ్గ ఉన్నది మా ఆవిడది అని ఎవరి కప్పు వాళ్లకు తెలిసేది. ఇప్పుడు ఏది ఎవరి ఎంగిలో బ్రహ్మకు కూడా తెలియదు. మా అక్కయ్య గోవిందమ్మ కప్పులో మా అల్లుడు కాఫీ తాగేశాడు. ఆమె మడి పోయిందని గగ్గోలు పెట్టింది. నా నోరు అంత పాపిష్టిదా అని అతను అలిగి వెళ్లిపోయాడు. అక్కయ్య ఇప్పుడు కొబ్బరిచిప్పలో కాఫీ తాగుతోంది.

పదిహేను రోజులుగా కాళియమ్మ కోసం వెదుకుతున్నాను. పొద్దున్నే మా ఆవిడే గొడుగు చేతికిచ్చి “ఎన్నూరు వంకన చూసినారా? ఆడ లేకపోతే సౌకార్‌పేటలో చూడండి” అని రోజుకో చోటు చెప్పి పంపిస్తోంది. చెప్పులు అరిగాయి. ఆమె జాడ తెలిస్తే చెప్పండి. చేతులు పట్టుకుని క్షమాపణ అడుగుతాను.

రంగనాథం

తా.క. ఈ కవరు నేనే అంటించి, నేనే పోస్టు చేస్తున్నాను.


ఎన్నూరు రోడ్డు
21-3-1955

పూజ్యులైన మాస్టారు గారికి వెంకటకృష్ణ అనేక నమస్కారాలు.

కాళియమ్మ దొరికింది. కుర్చీలో కూర్చుని మిగతాది చదవండి.

మూడు వారాలుగా రిక్షా ఆరోగ్యసామి మా బట్టీకి గంపలతో కప్పులు తెస్తున్నాడు, రంగు నిలవడానికి కాల్చి ఇమ్మని. మొన్న గంపలోకి తొంగి చూస్తే అన్నీ నేను అమ్మిన అచ్చు కప్పులే! ప్రతిదాని మీదా నా పువ్వు పక్కన చేత్తో వేసిందొకటి. దీని మీద మొగ్గ, దాని మీద తుమ్మెద, ఇంకోదాని మీద చీమ. ఆ చెయ్యి ఎవరిదో నాకు తెలియదా? నిన్న ఆ రిక్షా వెంటే వెళ్లాను. అది మీ ఇంటి పెరటి వాకిట్లో ఆగింది.

అమ్మగారే ఆమెను ఎప్పుడో పిలిపించారట. మీరు ఆమెను వెదకడానికి వీధి వాకిట్లోంచి బయలుదేరగానే ఆమె పెరటి వాకిట్లోంచి లోపలికి వస్తుంది. మీరు తిరిగొచ్చే వేళకు వెళ్లిపోతుంది. మీరుంటే పక్కన నిలబడి మార్కులు వేస్తారని అమ్మగారి భయం. మీ వీధిలో ఇంటింటా ఇదే ఎంగిలి గొడవట, ఆడవాళ్లంతా కప్పులు పట్టుకుని బారులు తీరి ఉన్నారు. మీ అక్కయ్యగారికి తామరపువ్వు కప్పు ఎప్పుడో వచ్చింది. కొబ్బరిచిప్ప మీ ఎదుట మాత్రమే.

నాకు సిగ్గేసింది. తిరిగి పనిలోకి రమ్మని బతిమాలాను. “రాను సామీ. ఆడ నువ్వు అచ్చు గుద్దు. ఈడ నేను దిద్దుతా” అంది.

ఇట్లు,
వెంకటకృష్ణ

తా.క. మీ క్షమాపణ చెప్పాను. కళ్లు తుడుచుకుంది. “ఆ అయ్యది మంచి మనసే. అయితే ఇంకా నూటిరవై కప్పులు మిగిలుండాయి, శుక్రవారందాకా నన్ను వెతకతానే ఉండమను” అంది.