మూడో రోజు రక్తం

ప్రియమైన అక్కకి,

రక్తం ట్యూబులు మీ ల్యాబుకి వెళ్లే పెట్టెలోనే ఈ ఉత్తరం కూడా పెట్టమని నర్సుని బతిమాలాను. బాబు నెలలు నిండకుండా పుట్టాడు కదా, మూడు రోజులైనా సొంతంగా ఊపిరి తీసుకోలేకపోతున్నాడు. రక్తం చూస్తే ఊపిరితిత్తులు పాడయ్యేది ముందే తెలుస్తుందని నువ్వన్నావనే మీ పరిశోధనకి సంతకం పెట్టాను. వాడి పాదం నా బొటనవేలంత కూడా లేదు, అందులో సూది. నోట్లో గొట్టం ఉండటంతో ఏడ్చినా గొంతు రాదు.

పెద్దాసుపత్రిలో మంచి యంత్రాలున్నాయట, తీసుకెళ్దామంటున్నాడు మీ మరిది. దారిలో ప్రమాదమే, మీరే ఆలోచించుకోండన్నారు డాక్టరు. రిపోర్టు ఎలా ఉంది? నువ్వెలా అంటే అలా.

నీ చెల్లి

ప్రియమైన చిట్టీ,

కంగారు పడకు. చూశాను, రిపోర్టు బాగానే ఉంది. వాణ్ణి కదిలించకండి. మా మరిది సంగతి తెలిసిందేగా, తుమ్మొచ్చినా పెద్దాసుపత్రే! నువ్వు కాస్త తిని నడుం వాల్చు.

ప్రేమతో, అక్క

అక్కా,

నిన్న మధ్యాహ్నం వాడు పోయాడు. తొమ్మిది రోజులు. బాగుందన్నావు కదా, మరి ఎందుకిలా అయింది? మీ మరిది నాతో మాట్లాడటం లేదు. కదిలించొద్దని పట్టుబట్టింది నేనేగా.

చెల్లి

ప్రియమైన చిట్టీ,

రెండేళ్లుగా రాయలేనిది ఇవాళ రాస్తున్నాను. ఆ రోజు నేను ఏ ట్యూబూ తెరవలేదు. పిల్లలందరివీ ఫ్రీజరులో దాచి, చివర్లో ఒకేసారి చూడటం మా పద్ధతి. నా పని గురించి నీ దగ్గర గొప్పలు పోయాను. అది నీ కొడుక్కి అక్కరకు రాదని చెప్పడానికి నోరు రాలేదు.

నిన్న తెరిచాం. ఊపిరితిత్తులు పాడవుతున్నాయని చెప్పే పదార్థం వాడి మూడో రోజు రక్తంలో ఉండాల్సినదానికి మూడింతలుంది. పరీక్ష పనికొస్తుందని తేలిందంటూ అందరూ చప్పట్లు కొట్టారు. నేనూ కొట్టాను.

నీ అక్క

అక్కకి,

చివర్లోనే చూస్తారని నేను సంతకం పెట్టిన ఆ కాగితంలో రాసే ఉందట. నేను చదవలేదు. సొంత అక్క చెప్పాక చదవడమెందుకనుకున్నాను.

రెండేళ్లు ఆయన ఎన్ని మాటలన్నా పడ్డాను. నీ మీద మాత్రం ఒక్క మాట పడనివ్వలేదు. 'మా అక్క కళ్లారా చూసి చెప్పింది' అని పోట్లాడాను. పోయిన నెల ఆయన బట్టలు సర్దుకుని వెళ్లిపోయాడు.

'నాకు తెలియదు' అని ఒక్క ముక్క రాసుంటే బయల్దేరేవాళ్లం. దారిలో పోయేవాడేమో. పోనీ, మేం చేయగలిగింది చేశామని ఇద్దరం కలిసి ఏడ్చేవాళ్లం.

మీ పరీక్ష మంచిదే అంటున్నావు, సంతోషం. ఇంకొకళ్ల పిల్లలైనా బతకనీ. నువ్వు మాత్రం ఏ తల్లికీ ధైర్యం చెప్పకు.

వాడి అమ్మ