చెయ్యి చూసి ఆగిన ప్రెస్సు

మేనేజరుగారికి,

మీ రేకుల ప్రెస్సు కింద కుడి బొటనవేలు పోగొట్టుకున్న ముసలిదాన్ని, డెబ్బై దాటినదాన్ని, చెప్పి రాయిస్తున్నాను. ఇంట్లో నేనూ కోడలూ ఉంటాం. ఇంట్లో నేర్చిన విద్య చెల్లదని మీ ఆఫీసులో దానికి పని లేదన్నారట.

అది వంటగట్టు మీద పాత మోటారుతో బుల్లి ప్రెస్సు కట్టింది. దిమ్మె కింద పడే వెలుతురుకి చెయ్యి అడ్డొస్తే ఆగాలని, దాన్ని నడిపే కంట్రోలరు పెట్టెకు తనే రాసి నేర్పింది.

"చెయ్యి పెట్టండత్తయ్యా" అంది.

"ఉన్న వేళ్లయినా ఉండనీవే!" అన్నాను. అయినా పెట్టాను.

దిగుతున్న దిమ్మె తగలకుండానే ఆగిపోయింది. కళ్లులేని ఇనుము నన్ను చూసింది బాబూ! ఇంకా నమ్మలేక రోజూ చెయ్యి పెట్టి చూస్తున్నాను.

మీ ప్రెస్సుకీ ఆ చూపు కావాలి. నా కోడల్ని పిలవండి.

ఎడమ బొటనవేలి ముద్ర.

సాక్షులు: పక్కింటి దర్జీ, ఎదురింటి నర్సు.