దవనం నూనె, ఎనిమిది రెట్లు

జూన్ 10, సోమవారం

కాలేజీకి ఇన్‌స్పెక్షన్‌కొచ్చిన పెద్దమనిషికి అరగంట చెప్పాను. మేక చెవి తోలు సెల్ అనే చిన్న గాజు గిన్నె మీద బిగిస్తామండీ, పైన డైక్లోఫెనాక్ అనే నొప్పుల జెల్ రాసి, తోలు దాటి కిందికెంత మందు దిగిందో కొలుస్తామండీ, జెల్‌లో దవనం నూనె కలిపితే ఇంకా ఎక్కువ దిగుతుందా అన్నదే నా పీహెచ్‌డీ అండీ అని. అంతా విని, అయితే మసాజ్ ఆయిలన్నమాట అన్నాడు. వీళ్లా మాకు మార్కులేసేది!

నూనె లేని జెల్ రీడింగులు అయిపోయాయి. ఇక నూనె జెల్.

జూన్ 11

అటెండర్ అచ్చాయమ్మ బుల్లియ్య మాంసం కొట్టు నుంచి చెవులు తెచ్చింది. బొచ్చు, నెత్తురు, వెంట ఈగలు. ఆ మహానుభావుడు ఇంకా టేకాకులోనే చుట్టి ఇస్తాడు. ఇది లేబా, కబేళానా? రేపటి నుంచి చెవులు నేనే తెస్తానన్నాను. కొత్త ఏసీ మటన్ షాపులో కడిగి, ఒక్క వెంట్రుక లేకుండా ట్రేలో పెట్టి ఇస్తారు. వీళ్లకి శుభ్రత నేర్పడం నా వల్ల కాదు.

మేడమ్‌గారూ, ఆ మందెప్పుడొత్తాదండీ అని అచ్చాయమ్మ మళ్లీ అడిగింది. మోకాళ్ల నొప్పులు. మాత్రలు మింగి మింగి కడుపులో పుండు పడింది. ఇంకొక్కటి మింగినా ప్రమాదమని డాక్టర్ అన్నాడట. రీసెర్చంటే ఏంటో ఈవిడకెలా చెప్పను?

జూన్ 19, సాయంత్రం 4

నూనె కలిపితే ఎనిమిది రెట్లు!

జూన్ 20

గైడ్ శివరామకృష్ణగారు గ్రాఫ్ చూసి కుర్చీలోంచి లేచారు. మూడేళ్లలో నా థీసిస్ ఒక్క పేజీ చదవని మనిషి. పేపర్‌లో తన పేరే ముందుండాలట. దవనానికీ తులసికీ తేడా తెలియదు ఆయనకి.

జూలై 2

పేపర్ జర్నల్‌కి వెళ్లింది. అచ్చాయమ్మకి చిన్న డబ్బాలో నూనె జెల్ ఇచ్చాను. ఇవ్వకూడదు. అయినా రోజూ ఆ గోల ఎవరు పడతారు?

జూలై 12

పది రోజులు రాసినా మోకాళ్లు అలాగే ఉన్నాయట. రాసుకోవడం కూడా రాదు.

జూలై 15, ఉదయం 11

ట్రే కడుగుతూ అచ్చాయమ్మ, ఇయ్యి కాల్చిన చెవులు కదండీ అంది. తలకాయ కూరకని మంట మీద కాల్చి, గీకి అమ్ముతారట. బొచ్చు లేనిది అందుకట. కాలిన తోలు జల్లెడేనండీ, ఏం రాసినా దిగిపోద్దండీ అంది. నా మోకాలు కాల్చలేదు కదండీ మరి అని నవ్వింది.

నూనె లేని జెల్ బుల్లియ్య చెవుల మీద. నూనె జెల్ కాల్చిన చెవుల మీద. కొట్టు మార్చింది నేను. నెల రోజులు ఆ చెవుల్ని చేత్తో పట్టుకుని చూసింది నేను. నా మొహానికి డాక్టరేట్ ఒకటి.

జూలై 16

శివరామకృష్ణగారికి చెప్పాను. అటెండర్‌కి తప్ప ఎవరికి తెలుసమ్మా అన్నారు. ఛీ అనుకున్నాను. నిన్న రోజంతా నేనూ అదే ఆలోచించాను. అందుకే ఇంకా అసహ్యం వేసింది.

ఆయన్ని అడగకుండానే పేపర్ వెనక్కి తీసుకుంటున్నానని జర్నల్‌కి మెయిల్ పెట్టాను.

జూలై 21, ఆదివారం, ఉదయం 6

బుల్లియ్య కొట్టు. లైన్లో నిలబడ్డాను. చెవులు పన్నెండు, బొచ్చుతో, టేకాకులో.

జూలై 30

ఒకటిన్నర రెట్లు.

మందెప్పుడొస్తుందని అచ్చాయమ్మ అడగడం మానేసింది.